ఇంగ్లండ్ కాలువ గట్టుపై జట్టు చేపల పోటీ: అపోహలు, వాస్తవాలు

నేను ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఉంటూ, చలికాలంలో మా క్లబ్బు తరఫున కాలువలపై జరిగే జట్టు పోటీల్లో గాలం వేస్తుంటాను. అక్కడి వాడుకలో సాల్మన్, ట్రౌట్ చేపలు ఒక వర్గం. రోచ్, బ్రీమ్, పెర్చ్, టెంచ్, మనం బంగారుతీగ అని పిలిచే కార్ప్ మొదలైన తక్కిన మంచినీటి చేపలు కోర్స్ చేపలు. ఆదివారం ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి వరకు చలిలో కూర్చుని ఏం చేస్తావని ఇంటికి వచ్చిన తెలుగు మిత్రులు అడిగినప్పుడల్లా, ఈ ఆట గురించి మనవారిలో కొన్ని అభిప్రాయాలు ఎంత బలంగా ఉన్నాయో తెలుస్తుంది. వాటిలో ముఖ్యమైనవాటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: అందరికంటే పెద్ద చేపను పట్టినవారి జట్టే గెలుస్తుంది.

వాస్తవం: జట్టు పోటీలో చేప పరిమాణానికి విడిగా విలువ లేదు, మొత్తం బరువుకు కూడా నేరుగా విలువ లేదు. పది జట్లు, జట్టుకు ఆరుగురు సభ్యులు ఉన్న పోటీని ఉదాహరణగా తీసుకుందాం. కాలువ గట్టును ఆరు విభాగాలుగా చేసి, ఒక్కొక్క విభాగంలో ప్రతి జట్టు నుంచి ఒక్కరిని కూర్చోబెడతారు. విభాగంలో ఎక్కువ బరువు తూగినవారికి 10 పాయింట్లు, తరువాతివారికి 9, అలా చివరివారికి 1 పాయింటు ఇస్తారు. విభాగంలో మొదటి స్థానం ఒక్క ఔన్సు తేడాతో వచ్చినా, ఇరవై పౌండ్ల తేడాతో వచ్చినా దక్కేవి పది పాయింట్లే. ముగ్గురు సభ్యులు తమ విభాగాల్లో మొదటి స్థానంలో నిలిచి, మిగిలిన ముగ్గురు 4, 3, 1 పాయింట్లతో సరిపెట్టుకున్న జట్టుకు వచ్చేది 38. ఒక్కరూ మొదటి స్థానంలో లేకపోయినా 9, 8, 7, 7, 6, 5 తెచ్చుకున్న జట్టుకు వచ్చేది 42. కాబట్టి మంచి చోటు దొరికిన ఆటగాడి విజయం కంటే, చేపలు లేని చోట కూర్చున్న ఆటగాడు వేలెడంత రోచ్ చేపలను నాలుగు ఎక్కువ పట్టి తొమ్మిదో స్థానం నుంచి ఏడో స్థానానికి రావడమే ఎన్నోసార్లు ఫలితాన్ని తేలుస్తుంది.

ఈ సంగతి నేను స్వయంగా నష్టపోయి నేర్చుకున్నాను. ఒక జనవరిలో నా ఎదుటి గట్టున పడవలు కట్టి ఉండడం చూసి, వాటి నీడన పెద్ద పెర్చ్ చేపలు తప్పక ఉంటాయన్న నమ్మకంతో తరిగిన వానపాములు వేసి రెండు గంటలు అక్కడే గడిపాను. అంతసేపూ పక్కనున్న ప్రత్యర్థి జట్టు సభ్యుడు కాలువ మధ్య లోతులో రొట్టె ముక్కతో చిన్న రోచ్‌లను ఒక్కొక్కటిగా పడుతూనే ఉన్నాడు. చివరికి అతడు నన్ను రెండు ఔన్సుల తేడాతో దాటాడు, మా జట్టు అతని జట్టు కంటే ఒక్క పాయింటు వెనుకబడింది. నేను అతడిని దాటి ఉంటే మాకు ఒక పాయింటు పెరిగి, వారికి ఒక పాయింటు తగ్గేది.

అపోహ: అంతా చీటీలో వచ్చే చోటును బట్టి ఉంటుంది, మిగిలినది అదృష్టం.

వాస్తవం: ఉదయం చీటీ తీసినప్పుడు వచ్చే చోటును పెగ్గు అంటారు. మంచి పెగ్గు, చెడ్డ పెగ్గు ఉన్న మాట నిజమే, దాన్ని కాదనను. అయితే విభాగాల పద్ధతి ఆ తేడాను చాలావరకు తగ్గిస్తుంది, ఎందుకంటే ఎవరినైనా పోల్చేది దగ్గరలో కూర్చున్న తొమ్మిది మందితోనే. ఆపైన పెగ్గును చదవగలగడం ఆటగాడి పని. ఇంగ్లండ్ కాలువ అడుగు సమతలంగా ఉండదు. ఇటు గట్టు దగ్గర ఒక మెట్టు, పడవలు తిరిగే మధ్యభాగంలో లోతు, అటు గట్టు వైపు మళ్లీ పైకి లేచే వాలు ఉంటాయి. పోటీకి ముందు గాలానికి చిన్న బరువు తగిలించి, ఆ వాలు ఎక్కడ మొదలవుతుందో, లోతు ఎక్కడ ఎంత ఉందో కొలిచి, దానికి తగినట్టు బెండును సరిచేసుకోవాలి. నీళ్లు బాగా చల్లబడిన రోజున చేపలు ఎక్కువగా లోతైన మధ్యభాగంలోనే ఉంటాయి కనుక ఎర అడుగుకు తగులుతోందా, రెండంగుళాలు పైన తేలుతోందా అన్నది ఆ పూట ఆటను నిర్ణయిస్తుంది. మన జీలుగు బెండులాగే, ఇక్కడివారు ఒకప్పుడు నెమలి ఈక కాడతో చేసిన బెండ్లు విరివిగా వాడేవారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

నియమాలు అనుమతించిన పోటీల్లో జట్టు నాయకుడు గానీ సహాయకుడు గానీ గట్టు వెంట నడుస్తూ, ఏ విభాగంలో ఏ ఎరకు చేపలు పడుతున్నాయో మిగిలినవారికి చేరవేస్తాడు. ఒంటరి పోటీకీ జట్టు పోటీకీ ఉన్న అసలు తేడా అక్కడే కనిపిస్తుంది.

అపోహ: ఓపికగా కూర్చుని బెండు వైపు చూడడమే ఈ ఆట.

వాస్తవం: ఐదు గంటల్లో చేతులకు విశ్రాంతి దొరకదు. పదమూడు మీటర్ల కార్బన్ పోల్‌ను, అంటే పొడవాటి గాలపు కర్రను, వెనుకనున్న రోలర్ మీదుగా లాగి, చేపను తీసి, ఎర మార్చి, మళ్లీ అదే చోట పడేలా ముందుకు తోయాలి. ఆ మధ్యలోనే చిన్న ఉండేలుతో గానీ పోల్ చివర తగిలించిన కప్పుతో గానీ మేత వేయాలి. చలికాలపు రోచ్ కోసం వాడే తీగ మందం 0.10 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. గాలం ఇరవయ్యో నంబరుది. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. అంత సన్నని తీగతో అనుకోకుండా పెద్ద బ్రీమ్ తగిలినా తెగకుండా కాపాడేది పోల్ లోపల అమర్చిన రబ్బరు తాడు.

అపోహ: మేత ఎంత ఎక్కువ వేస్తే చేపలు అంత ఎక్కువ వస్తాయి.

వాస్తవం: చేప శరీర ఉష్ణోగ్రత నీటిని బట్టి ఉంటుంది కనుక, చల్లని నీటిలో దాని జీర్ణక్రియ మందగించి ఆకలి తగ్గుతుంది. వేసిన మేత తినకుండా అడుగున పడి ఉంటే, గాలానికున్న ఒక్క పురుగును చేప ఎంచుకోవలసిన అవసరమే ఉండదు, పైగా ఒకసారి వేసినదాన్ని తిరిగి తీయలేము. అందుకే జనవరిలో నాలుగైదు ఈగ పురుగులను వేసి, ఫలితం చూసి, తరువాతే మరికొన్ని వేస్తాం.

అపోహ: పట్టిన చేపలను ఇంటికి తీసుకెళ్లి వండుకుంటారు.

వాస్తవం: మనవారు తప్పక అడిగే ప్రశ్న ఇదే, పులుసు రుచి తెలిసినవాడిగా ఆ ప్రశ్నను నేను తక్కువగా చూడను. కానీ పోటీలో పట్టిన ప్రతి చేప కీప్‌నెట్ అనే పొడవాటి వలలో నీటిలోనే ఉండి, తూకం అయ్యాక తిరిగి కాలువలోకి వెళ్తుంది. ఆ వల ముడులు లేని అల్లికతో, కనీసం 2 మీటర్ల పొడవుతో, కడియాల మధ్య 40 సెంటీమీటర్లకు మించని ఎడంతో ఉండాలని నిబంధన. ముడులుంటే చేప ఒంటిపైనున్న జిగట పొర చెదిరి, దానికి వ్యాధులు సోకుతాయి. ఇంగ్లండ్ నదుల నుంచి వండుకోవడానికి తీసుకెళ్లే చేపలకు కూడా చట్టం పరిమితి పెట్టింది: రోచ్, పెర్చ్ వంటి రకాల్లో 20 సెంటీమీటర్ల లోపువి రోజుకు 15 మాత్రమే. గాలపు తీగకు తగిలించే సీసపు గుండ్లను హంసలు మింగి చనిపోతున్నాయని 1987లో చాలా పరిమాణాల సీసపు బరువుల అమ్మకాన్ని నిషేధించారు.

13 ఏళ్లు నిండిన ఎవరికైనా గాలం వేయడానికి లైసెన్సు తప్పనిసరి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు కోర్స్ చేపలకు గాలం వేయకూడదు. చాలా కాలువలకు ఈ నిషేధం వర్తించదు.

మూడింటికి ఈల మోగాక త్రాసు పట్టుకున్నవారు ఒక్కొక్క పెగ్గు దగ్గరకు వస్తారు. వలను నెమ్మదిగా ఎత్తి, తడిపిన సంచిలోకి చేపలను వంచి, పౌండ్లు, ఔన్సులతో పాటు డ్రాములు కూడా రాసుకుంటారు. ఔన్సులో పదహారో వంతు ఒక డ్రాము, అంటే రెండు గ్రాములకంటే తక్కువ. ఆ అంకె విని పక్క పెగ్గు ఆటగాడి ముఖం చూడకుండా ఉండడం నాకు ఇప్పటికీ సాధ్యం కాదు. సంచిని నీటిలో వంచగానే రోచ్‌లు లోతు వైపు వెళ్లిపోతాయి, త్రాసు తరువాతి పెగ్గుకు కదులుతుంది.