మూడు మాత్రలు, రెండు గేట్‌వాల్వులు

తాడిపత్రి నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా అమ్మకు చాన్నాళ్లుగా షుగరు, బీపీ. మోకాళ్ల నొప్పులకు వేరే డాక్టరు దగ్గర చూపించి మందులు వాడుతున్నాం. ఇప్పుడు క్రియాటినిన్ పెరిగిందన్నారు. బీపీ మాత్రలే కిడ్నీలను తినేస్తాయని మా వీధిలో అంటున్నారు. మానేయమంటారా?"

మీ అంతట మీరు మానేయకండి. ఈ నమ్మకం కర్నూలు నుంచి కడప దాకా ప్రతి ఊళ్లోనూ ఉంది. దీన్ని నమ్మి మాత్రలు ఆపేసి, బీపీ పెరిగి పక్షవాతం తెచ్చుకునేవాళ్లున్నారు. అందుకే ఈ ప్రశ్న చదవగానే రాయాలనిపించింది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం, వడపోత తగ్గితే అది రక్తంలో పెరుగుతుంది. షుగరంటే ఏమిటి, బీపీ అంటే ఏమిటి అన్నవి వదిలేసి నేరుగా కిడ్నీలోకి వెళ్దాం.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గదులుంటాయి. గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. రోజుకు 180 లీటర్ల ద్రవం వడపోతకు వస్తే, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా పోయి మిగతాదంతా మళ్లీ రక్తంలో కలుస్తుంది. బడిలో ఇంతవరకూ చెప్తారు. వడపోత జరగాలంటే ప్రెషర్ కావాలన్న సంగతి మాత్రం చెప్పరు. అసలు కథంతా అక్కడే ఉంది.

అనంతపురం చీనీ తోటల్లో డ్రిప్పు వేసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పైపులో ప్రెషర్ ఉంటేనే డ్రిప్పర్లలోంచి నీళ్లు కారతాయి. పైపు మొదట్లో ఒక గేట్‌వాల్వు, చివర్లో మరొకటి ఉన్నాయనుకోండి. బోరులో నీళ్లు తగ్గి మోటారు సరిగా తోయని రోజున రైతు ఏం చేస్తాడు? మొదటి వాల్వు పూర్తిగా తిప్పి, చివరిది బిగిస్తాడు. వచ్చే నీళ్లు తక్కువైనా డ్రిప్పర్ల దగ్గర ప్రెషర్ నిలబడుతుంది.

కిడ్నీ చేసేదీ ఇదే. ఒంట్లో మరెక్కడైనా సన్నని కేశనాళికల తర్వాత సిర వస్తుంది. వడపోత గదిలో మాత్రం ముందూ చిన్న ధమనే, వెనకా చిన్న ధమనే. రెండూ కండరం ఉన్న గొట్టాలే కాబట్టి రెండూ బిగుసుకోగలవు, వదులవగలవు. రక్తం తగ్గినప్పుడు ముందు వాల్వును తెరిచి ఉంచేవి ప్రొస్టాగ్లాండిన్లు, వెనక వాల్వును బిగించేది ఆంజియోటెన్సిన్-2. ఇవన్నీ ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు.

ఇప్పుడు మాత్రల సంగతి. బీపీకి ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి ఆంజియోటెన్సిన్-2 తయారీని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ దాని పనిని అడ్డుకుంటాయి. ఎలాగైనా వెనక వాల్వు వదులవుతుంది. షుగరున్నవాళ్లకు ఇది చాలా మంచిది. షుగరు వల్ల ఆ గదుల్లో ఏళ్ల తరబడి ప్రెషర్ ఎక్కువై, గోడలు దెబ్బతిని, మూత్రంలో ప్రొటీన్ పోతుంటుంది. వెనక వాల్వు వదులైతే ఆ ఒత్తిడి దిగుతుంది. అంటే కిడ్నీని తినేస్తుందని వీధిలో అనుకునే మాత్రే కిడ్నీని కాపాడుతోంది.

చాలా బీపీ మాత్రల స్ట్రిప్పు మీద పేరు చివర 'హెచ్' అని ఉంటుంది. అది హైడ్రోక్లోరోథయజైడ్, ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపే మందు. బోరులో నీటిమట్టం కాస్త దిగిందన్నమాట.

ఇక మోకాళ్ల కోసం డైక్లోఫెనాకో ఎసిక్లోఫెనాకో వస్తుంది. ఇవీ ఆస్పిరిన్ తరహా నొప్పి మాత్రలే. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రొస్టాగ్లాండిన్ల తయారీని ఆపి నొప్పి తగ్గిస్తాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. దానికి 1982లో నోబెల్ వచ్చింది. మోకాలిలో నొప్పి పెంచేదీ, కిడ్నీలో ముందు వాల్వు తెరిచేదీ ఆ ప్రొస్టాగ్లాండిన్లే. మాత్ర మోకాలికే పోదు కదా! ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి దీంతో కిడ్నీకి సాధారణంగా ఏమీ కాదు, ఎందుకంటే అతని బోరు నిండుగా ఉంది, వాల్వులతో పెద్దగా పనిపడదు. ఈ మూడు రకాలూ కలిపి వాడే పెద్దావిడ విషయంలో బోరు దిగింది, వెనక వాల్వు వదులైంది, ఇప్పుడు ముందు వాల్వూ మూసుకుంది. పైన 40 డిగ్రీలు దాటిన మే నెల ఎండ, రెండు రోజుల విరేచనాలు తోడైతే డ్రిప్పర్లు ఆగిపోతాయి.

అక్కడి నుంచి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ బయటికి పోయే దారి కిడ్నీ ఒక్కటే, అది ఒంట్లో పేరుకుంటుంది. మరో షుగరు మాత్ర గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం దిగక అర్ధరాత్రి షుగరు పడిపోతుంది. పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు.

ఇందులో ఏ ఒక్క డాక్టరూ తప్పు మందు రాయలేదు. బీపీకి రాసింది సరైనదే, నొప్పికి రాసిందీ సరైనదే. ప్రమాదం రెండు చీటీల మధ్య ఉంది, అక్కడ చూసేవాళ్లు లేరు. వైద్యవిద్యే అవయవానికో విభాగంగా సాగుతుంది. కొత్త మందుల పరీక్షల్లో నాలుగు జబ్బులున్న ముసలివాళ్లను తరచూ పక్కన పెడతారు. ఊళ్లో 104 బండి దగ్గర బీపీ, షుగరు మాత్రలు తీసుకుని, నొప్పి మాత్ర మెడికల్ షాపులో చీటీ లేకుండా కొంటే ఆ రెండూ ఒకచోట ఎప్పుడు కలవాలి?

అందుకని ఇంట్లో ఉన్న మందులన్నీ, పేరు లేని నొప్పుల పొడులతో సహా, ఒకే సంచిలో వేసుకుని ఒకే డాక్టరుకు చూపించండి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలున్నాయి. మోకాళ్లకు పారాసిటమాల్, పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామం సరిపోతాయేమో అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఏ మాత్రలు తాత్కాలికంగా ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే రాయించుకోండి.

ఎక్కువ జబ్బులంటే ఎక్కువ మాత్రలే అని కూడా అనుకోనక్కర్లేదు. డాపాగ్లిఫ్లోజిన్ షుగరు కోసం వచ్చిన మందు. అది ఉప్పును, వడకట్టిన ద్రవం పోయే గొట్టంలో మరికాస్త ముందుకు పోనిస్తుంది. ఆ గొట్టం గోడలో ఉండే మ్యాక్యులా డెన్సా కణాలు ఆ ఉప్పును పసిగట్టి ముందు వాల్వును కొద్దిగా, అదుపులో బిగిస్తాయి. అలా గదిలో ప్రెషర్ దిగుతుంది. సరైన రోగుల్లో షుగరుకు, గుండె వైఫల్యానికి, కిడ్నీకి మూడింటికీ మేలు చేస్తుంది. నాకు దీనంత అందమైన మందు ఈ మధ్య కాలంలో కనిపించలేదు.

క్రియాటినిన్ విషయంలో ఒక్క మాట. టెల్మిసార్టాన్ లాంటిది మొదలుపెట్టినా, మోతాదు పెంచినా ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. వెనక వాల్వు వదులవుతుంది కాబట్టి క్రియాటినిన్ కొద్దిగా పెరగడం సహజమే. పెరుగుదల 30 శాతం లోపు ఉంటే సాధారణంగా మందు కొనసాగిస్తారు. అంతకు మించితే డాక్టరు ముందుగా వెతకాల్సింది ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్ర వేసుకుంటున్నారా అని.