మరమ్మతుల వేళ శాఖలు ఎక్కడికి వెళ్లాలి?

పాత భవనం మరమ్మతుకు నిధులు మంజూరైతే విశ్వవిద్యాలయంలో అందరూ సంతోషిస్తారు. ఆ భవనంలో పనిచేస్తున్న శాఖలు పని పూర్తయ్యేదాకా ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు టెండర్లు పిలిచిన తరువాతే చర్చకు వస్తుంది. ఈ ఆలస్యం ఎందుకు నష్టం చేస్తుందో తెలియాలంటే మన విశ్వవిద్యాలయాలు తాత్కాలిక వసతితో సాగించిన సహవాసాన్ని కొంత వెనక్కి వెళ్లి చూడాలి.

1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడి 1930లో వాల్తేరుకు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అక్కడ స్థిరపడి పుష్కరకాలమైనా తిరగకముందే మళ్లీ కదలవలసి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను బాంబులు పడ్డాయి, యుద్ధ భయంతో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది, తిరిగి వాల్తేరు చేరేసరికి 1946 వచ్చింది. అది ఎవరూ ముందుగా ఊహించి ఏర్పాటు చేసుకోగలిగిన తరలింపు కాదు. మరమ్మతు అలాంటి ఉపద్రవం కాదు. దాని తేదీని నిర్ణయించేది మనమే కనుక వసతి చూసుకోకపోవడానికి ఆ సాకు చెల్లదు.

ఈ విషయంలో కోఠీ రెసిడెన్సీ చరిత్ర అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది. 1798 నుంచి 1805 వరకు హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, శామ్యూల్ రసెల్ నమూనా ప్రకారం లేచిన ఆ కట్టడం దర్బారుల కోసం, రాచమర్యాదల కోసం ఉద్దేశించినది. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో అందులోకి మారింది. ఆడపిల్లల చదువుకు నగరం నడిబొడ్డున అంత విశాలమైన చోటు దొరకడం నిజంగా గొప్ప విషయం. అయితే దర్బారు కోసం కట్టిన హాళ్లు తరగతి గదులుగా, కార్యాలయాలుగా దశాబ్దాల పాటు రోజువారీ రద్దీని మోశాయి. వానలకు కప్పులు దెబ్బతిన్నాయి, గోడలు చెమ్మగిల్లాయి. చివరకు 2002లో ప్రపంచ కట్టడాల నిధి సంస్థ ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో దీన్ని చేర్చింది. పునరుద్ధరణ ఒక కొలిక్కి రావడానికి ఇంచుమించు రెండు దశాబ్దాలు పట్టింది.

ఇంతకాలం పట్టడానికి నిధుల కొరత ఒక్కటే కారణమని అనుకోరాదు. సున్నంతో కట్టిన పాత గోడలకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలి కట్టుబడి మరింత పాడవుతుంది. అందువల్ల మళ్లీ సున్నమే వాడాలి, అది గట్టిపడటానికి సమయమివ్వాలి, వానాకాలంలో చాలా పనులు ఆపుకోవాలి. పెచ్చులు తొలగించాక మాత్రమే కనిపించే చెదపట్టిన దూలాలు అంచనాలను తలకిందులు చేస్తాయి. కాబట్టి అలాంటి భవనం నుంచి కదిలే శాఖకు ఆరు నెలల సర్దుబాటుగా గదులు చూపితే, ఆ ఆరు నెలలు ఏళ్లుగా మారడం దాదాపు ఖాయం.

తరలింపంటే బల్లలు, బీరువాలు మోయడమే అనుకునే వారికి శాఖల పని తీరు తెలియదని చెప్పాలి. రసాయనశాస్త్ర ప్రయోగశాలకు గ్యాసు గొట్టాలు, మురుగు వ్యవస్థ, తగినంత విద్యుత్తు కావాలి. శాఖా గ్రంథాలయం బరువును మోయగల నేల కావాలి, జవాబు పత్రాలకు తాళం పడే గది కావాలి. మార్కుల రిజిస్టర్లు, సర్వీసు పుస్తకాలు చెమ్మ తగలని చోట ఉండాలి. మెట్లెక్కలేని విద్యార్థి కోసం కింది అంతస్తులో ఒక గది అయినా ఉంచాలి. ఇవన్నీ ముందే అడిగి రాసుకోవలసిన వారు శాఖాధిపతులు, ఆఫీసు సిబ్బంది. ఇంజినీరింగ్ విభాగం ఒక్కటే నిర్ణయించగల సంగతులు కావు. తాత్కాలిక గదుల ఖర్చును మరమ్మతు అంచనాలోనే చేర్చకపోతే అది చివరికి శాఖల చిన్న పద్దుల మీద పడుతుంది.

కోఠీ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు దానికి వచ్చింది. విశ్వవిద్యాలయం కాగానే శాఖలూ పరిశోధకులూ పెరుగుతారు, గదుల అవసరమూ పెరుగుతుంది. ఇంత శ్రమతో నిలబెట్టుకున్న రెసిడెన్సీ భవనాన్ని మళ్లీ రోజువారీ తరగతులతో నింపరాదన్నది నా గట్టి అభిప్రాయం. అక్కడి శాఖలకు కావలసిన చోటును ఆ కట్టడం వెలుపలే, దాని ఆవరణ దెబ్బతినకుండా వెతకాలి.