నీళ్లు నిలవని గుట్టల మీద సైకిల్ బాట

ఇంగ్లండ్ దక్షిణ తీరం వెంట, వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా, సౌత్ డౌన్స్ వే అనే 160 కిలోమీటర్ల బాట ఉంది. చాలాచోట్ల తారు లేదు. తెల్లటి సుద్దనేల, గడ్డి, రాళ్లు. వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిళ్ల వాళ్లకు ఇది ఇష్టమైన దారి. ఈ బాట పక్కనున్న గుట్టల్లో అన్నిటికన్నా ఎత్తైనది బట్సర్ హిల్. ఆ ఎత్తు 270 మీటర్లే, తూర్పు కనుమలు చూసినవాళ్లు దాన్ని కొండగా లెక్కించరు. అయినా ఈ కొస నుంచి ఆ కొసకు తొక్కితే ఎక్కిన ఎత్తు మొత్తం మూడున్నర వేల మీటర్లు దాటుతుంది. ఇంత పొట్టి గుట్టలు మనిషిని అంతగా ఎందుకు అలసటకు గురిచేస్తాయి?

సమాధానంలో సగం నదుల్లో ఉంది. ఆరన్, ఏడర్, ఊజ్, కక్‌మియర్ అనే నాలుగు నదులు ఈ గుట్టల వరుసను అడ్డంగా కోసుకుని సముద్రంలో కలుస్తాయి. సైకిల్ మీద వెళ్లేవాడు ప్రతిసారీ దాదాపు సముద్ర మట్టానికి దిగి, వంతెన దాటి, పోగొట్టుకున్న ఎత్తునంతా మళ్లీ సంపాదించుకోవాలి. నది సాధారణంగా పల్లం వెతుక్కుంటుంది. ఎదురుగా గుట్టల వరుస ఉంటే చుట్టి పోవాలి గానీ దాన్ని చీల్చుకుని పోవడమేమిటి? భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పే కథ ఇది. ఆఫ్రికా, యూరప్ భూఫలకాలు ఢీకొని ఆల్ప్స్ పర్వతాలు లేస్తున్న కాలంలో, ఆ ఒత్తిడికి ఇంగ్లండ్ ఆగ్నేయ భాగంలోని రాతిపొరలు ఉబ్బి గుమ్మటంలా లేచాయి. దాని వాలుల మీదుగా ఏరులు ఉత్తరానికి, దక్షిణానికి జారాయి. తర్వాత లక్షల ఏళ్లలో గుమ్మటం నడినెత్తి అరిగిపోయింది. మిగిలిన రెండు అంచులే ఉత్తరాన నార్త్ డౌన్స్, దక్షిణాన సౌత్ డౌన్స్. ఏరులు మాత్రం పాత దారి వదల్లేదు. నదులు ముందు, గుట్టలు తర్వాత.

ఆ గుమ్మటం పైపొర సుద్ద. సుమారు 10 కోట్ల సంవత్సరాల నాడు ఈ ప్రాంతమంతా వెచ్చని సముద్రం కింద ఉండేది. అందులో తేలే కొక్కోలిథోఫోర్లనే ఏకకణ శైవలాలు ఒంటిచుట్టూ సున్నపు పలకలు కట్టుకునేవి. ఒక్కో పలక మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులు. అవి చచ్చి అడుగున పేరుకుంటూ వెళితే వెయ్యేళ్లకు కొన్ని సెంటీమీటర్ల పొర. అలా కోట్ల ఏళ్లలో వందల మీటర్ల మందం తయారైంది. (మన బడుల్లో సుద్దముక్కగా వాడేది చాలావరకు జిప్సం, దానికీ ఈ సముద్రానికీ బంధుత్వం లేదు.) ఇక్కడ సుద్ద పేరుకోవడం ముగిసిన కొన్నాళ్లకు, అంటే భూమి లెక్కలో కొన్నాళ్లకు, దక్కన్‌లో లావా పొంగింది. వికారాబాద్ నల్లరాయి, రాజమండ్రి దగ్గరి బసాల్టు ఆ కాలపువే.

సుద్ద ఘనపరిమాణంలో మూడో వంతుకు పైగా ఖాళీయే. ఆ రంధ్రాలు మరీ సూక్ష్మమైనవి కనుక వాటిలోకి చేరిన నీరు అక్కడే ఉండిపోతుంది. అసలు ప్రవాహం నిలువు పగుళ్ల గుండా సాగుతుంది. వాన కురిసిన కాసేపటికే నీరు కిందికి ఇంకిపోతుంది. అందుకే గుట్ట నెత్తిన ఏరు కనబడదు, చెరువు నిలవదు. గొర్రెల కాపరులు బంకమన్ను తొక్కి గట్టిపరచి గుంటలు చేసుకున్నారు. వాటిని మంచు గుంటలంటారు గానీ నింపేది ప్రధానంగా వానే. ఇంకిన నీరు కింద బంకమన్ను పొర తగలగానే ఆగి, గుట్ట పాదం దగ్గర ఊటలుగా బయటపడుతుంది. ఊళ్లు కూడా అక్కడే వరుసగా వెలిశాయి. పల్లం బురద, పైన ఆరిన నేల. పాత రోజుల్లో మందలు తోలుకెళ్లేవాళ్లు శిఖరం వెంట నడవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. నేటి గ్రావెల్ దారుల్లో మేలైనవి ఆ పాత అడుగుల మీదే సాగుతాయి.

అయితే ఇక్కడో చిక్కుంది. నీరు నిలవని, పారని ఈ గుట్టల్లో లోతైన లోయలున్నాయి, వాటిలో చుక్క నీరు లేదు. బ్రైటన్ దగ్గరి డెవిల్స్ డైక్ దాదాపు 100 మీటర్ల లోతు. ఈ గుట్టలున్న ససెక్స్ ప్రాంతపు చర్చీలను ముంచేందుకు సైతాను సముద్రం దాకా తవ్వబోయిన కాలువ అని స్థానిక కథ. నిజంగా తవ్వింది మంచుయుగం. మహా హిమఫలకాలు ఇంత దక్షిణానికి రాలేదు, కానీ నేల లోతుగా గడ్డకట్టింది. పగుళ్లలో నీరు మంచై బిరడా వేయడంతో సుద్ద తాగడం మానేసింది. వేసవిలో కరిగిన మంచు పైపైనే ఉరికి, మెత్తబడిన రాతిని కోసుకుపోయింది. చలి తగ్గాక పగుళ్లు తెరుచుకున్నాయి, ఏరులు మాయమయ్యాయి, లోయలు మిగిలాయి. సైకిల్ మీద దొర్లుతున్నట్టు అనిపించే ఆ గుండ్రని ఎగుడుదిగుళ్లలో చాలావాటికి ఇదే మూలం.

ఇప్పుడు కూడా పైన దాహానికి దొరికేది అక్కడక్కడా బిగించిన కుళాయిలే. ఒకటి తప్పిపోతే ఊటల ఊరికి దిగి మళ్లీ ఎక్కడమే. అడుగున మాత్రం కొదవ లేదు. బ్రైటన్ నగరం తాగేది ఈ సుద్ద దాచుకున్న నీళ్లే.

టైర్ల సంగతికొస్తే అసలు శత్రువు సుద్ద కాదు, దాని కడుపులోని చెకుముకి రాయి. ఆ సముద్రంలోని స్పాంజీల అస్థిపంజరాలు సిలికాతో చేసినవి. అది కరిగి, అడుగు బురదలో ప్రాణులు తవ్విన బొరియల్లోకి చేరి తిరిగి గట్టిపడింది. అందుకే ఈ రాళ్లు అడ్డదిడ్డమైన కణుపులతో ఉంటాయి. పగిలితే గాజులాగే పదునైన అంచులొస్తాయి. ఈ బాటకు దగ్గర్లోనే, వర్దింగ్ పైనున్న సిస్‌బరీ గుట్టలో, నవీన శిలాయుగపు మనుషులు చెకుముకి కోసం గనులే తవ్వారు. వానకు సుద్ద కొద్దికొద్దిగా కరిగిపోతుంది, సిలికా కరగదు. అంచేత ఏళ్లు గడిచేకొద్దీ బాట మీద రాళ్లు ఎక్కువవుతూ ఉంటాయి.

పాత అలవాటు ప్రకారం టైరులో గాలి ఎంత బిగిస్తే సైకిల్ అంత వేగం. నున్నటి తారు మీద అది కొంతవరకు నిజం. రాళ్ల దారిలో లెక్క తిరగబడుతుంది. గట్టి టైరు ప్రతి రాయి మీదా సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకెత్తుతుంది. ముందుకు పోవాల్సిన శక్తి నిలువు కుదుపుగా మారి, తొక్కేవాడి కండరాల్లో వేడిగా ఆరిపోతుంది. మెత్తని టైరు రాయి చుట్టూ వంగి దాన్ని మింగేస్తుంది. అలా వంగడంలో రబ్బరు కూడా కొంత శక్తిని తింటుంది, కానీ ఈ నేలమీద అది చిన్న నష్టం. అందుకే 40–45 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లలో చదరపు అంగుళానికి 30–35 పౌండ్ల గాలితో చాలామంది వెళతారు. మరీ తగ్గిస్తే రిమ్ము రాయికి కొట్టుకుంటుంది. ట్యూబు తీసేసి లోపల రబ్బరుపాల ద్రవం పోయడం మరో ఉపాయం: రంధ్రం పడగానే గాలితో పాటు ద్రవమూ అక్కడికి దూసుకొచ్చి గడ్డకడుతుంది. చిన్న పోట్లకు ఇది చాలు. చెకుముకి పక్కగోడను నిలువునా చీరితే మాత్రం ఏ ద్రవమూ ఆదుకోదు.

చలికాలంలో వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా, ఆలోచన మానుకోమనే. ఆరినప్పుడు సిమెంటులా ఉండే సుద్ద, తడిస్తే పైపొర నలిగి సన్నని ముద్దగా మారుతుంది. టైరు గాడులు ఆ ముద్దతో నిండి నున్నబడ్డాయంటే, వాలులో బ్రేకు వేసినా సైకిల్ జారుతూనే ఉంటుంది. గుట్ట పాదం దగ్గరి గాల్ట్ అనే బంకమన్ను ఇంకో రకం. వానాకాలం మన నల్లరేగడి చేలో బండిచక్రానికి ఏ గతి పడుతుందో ఇక్కడ సైకిల్‌కూ అదే.

దారి బాగున్నంత మాత్రాన వెళ్లే హక్కు వచ్చేయదు. ఇంగ్లండ్‌లో ప్రైవేటు పొలాల గుండా పోయే ప్రజల బాటలకు చట్టబద్ధమైన తరగతులున్నాయి. 1949 చట్టం ప్రకారం స్థానిక సంస్థలు వాటిని పటాలకెక్కించాయి. అప్పటికి గుర్రాలు నడిచినట్టు ఆధారం ఉన్నది గుర్రపు బాట, లేనిది కాలిబాట. 1968 గ్రామీణ ప్రాంతాల చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్లను అనుమతించింది, నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలనే షరతుతో. కాలిబాట మీద ఆ హక్కు లేదు. ఇంగ్లండ్‌లోని ఇలాంటి బాటల్లో సైకిల్‌కు చెల్లేవి సుమారు ఐదో వంతే. ఒకప్పటి గుర్రాల రాకపోకలు నేటి సైకిళ్ల హద్దులు గీయడం నాకు విడ్డూరంగానే తోస్తుంది. సౌత్ డౌన్స్ వే అదృష్టమేమిటంటే, 1972లో తెరిచినప్పుడే దాన్ని గుర్రపు బాటగా రూపొందించారు.

ఒక్క చివరి భాగం మినహా. ఆల్‌ఫ్రిస్టన్ ఊరి దగ్గర బాట రెండుగా చీలుతుంది. సైకిళ్లు, గుర్రాలు జెవింగ్టన్ మీదుగా లోపలి గుట్టలెక్కాలి. సెవెన్ సిస్టర్స్ తెల్లని కొండచరియల మీదుగా పోయేది కాలిబాట. ఆ చరియలను చూడాలంటే సైకిల్ వదిలి నడవాల్సిందే, అదీ అంచుకు దూరంగా. చరియ వెనక్కి జరుగుతోంది. దాని పాదం దగ్గరి రాతి తిన్నె మీదున్న చెకుముకి రాళ్లలో, అంతరిక్షం నుంచి పడే విశ్వకిరణాలు తాకి పుట్టిన బెరీలియం-10 అనే పదార్థం ఎంత ఉందో కొలిచి, ఏ చోటు ఎప్పటి నుంచి ఆకాశానికి తెరుచుకుని ఉందో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వేల ఏళ్లపాటు ఈ తీరం ఏటా 2 నుంచి 6 సెంటీమీటర్లు కోసుకుపోయింది. గత 150 ఏళ్లలో ఆ వేగం 22 నుంచి 32 సెంటీమీటర్లకు చేరింది. చరియ పాదాన్ని కాపాడే గులకరాళ్ల తీరం పలచబడటం అందుకు ఒక కారణమని వాళ్ల అంచనా. ఆ గులకరాళ్లు కూడా చెకుముకివే.