గ్రెప్‌లో ఏమీ రాలేదంటే ఫైల్‌లో లేదనేనా?

"గ్రెప్ కొట్టాను, ఏమీ రాలేదు. ఫైల్‌లో లేదండి." గ్రెప్ అంటే ఫైళ్లలో మాటలు వెతికే కమాండ్. సర్వర్ల పనిలో ఉన్న నాకు ఈ మాట వినని వారం ఉండదు. ఆ మాట నమ్మి వేరే దారిలో గంటలు గంటలు వెతికినవాళ్లనీ చూశాను. అందుకే మిగతా అపోహల కంటే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: గ్రెప్ ఏమీ చూపించకపోతే ఆ మాట ఫైల్‌లో లేనట్టే.

వాస్తవం: మీరిచ్చిన ప్యాటర్న్ (వెతకమని ఇచ్చిన మాట లేదా నమూనా), ఆ ఫైల్‌లోని బైట్లతో కలవలేదు. గ్రెప్ చెప్పింది అంతవరకే.

ఒకసారి ఒక పాస్‌వర్డ్ బయటికి పొక్కింది. అది ఇంకా ఏయే సెట్టింగ్స్ ఫైళ్లలో ఉందో వెతికే పని రాత్రిపూట నా మీద పడింది. గ్రెప్ మైనస్ ఆర్‌తో ఫోల్డర్ మొత్తం వెతికితే మూడు ఫైళ్లు దొరికాయి. మార్చేసి, "ఇంకెక్కడా లేదు" అని మెయిల్ పెట్టాను. మర్నాడు పక్క టీమ్ అమ్మాయి నోట్‌ప్యాడ్‌లో ఇంకో ఫైల్ తెరిస్తే అదే పాస్‌వర్డ్ ఎదురుగా ఉంది! అదే ఫైల్ మీద మళ్లీ గ్రెప్ కొట్టాను. ఏమీ రాలేదు. బైట్లను ఒక్కొక్కటిగా చూపే ఓడీ మైనస్ సీ కమాండ్‌తో లోపలికి చూస్తే, ప్రతి అక్షరం పక్కన ఒక \0, అంటే సున్నా బైట్. విండోస్‌లో ఎవరో యూటీఎఫ్-16లో (ఇంగ్లీష్ అక్షరానికి కూడా రెండు బైట్లు వాడే పద్ధతి) సేవ్ చేసిన ఫైల్ అది. గ్రెప్ అక్షరాలను పక్కపక్కనే వెతుకుతోంది, అక్కడేమో అక్షరానికీ అక్షరానికీ మధ్య సున్నా బైట్ ఉంది. ఐకాన్వ్ అనే కమాండ్‌తో, ఇంగ్లీష్ అక్షరానికి ఒకే బైట్ వాడే యూటీఎఫ్-8కి మార్చగానే దొరికింది. (పాస్‌వర్డ్‌ని కమాండ్‌లోనే టైప్ చేస్తే, కమాండ్లు నడిపే షెల్ హిస్టరీలో ఉండిపోతుంది. ఒక ఫైల్‌లో పెట్టి, చిన్న ఎఫ్ ఆప్షన్‌తో ఇవ్వండి.)

కారణం ఎప్పుడూ ఇదే కాదు. పాత లాగ్‌లు జీజిప్‌తో కుదించి ఉంటే మామూలు గ్రెప్‌కి లోపలి మాటలు కనిపించవు, జెడ్‌గ్రెప్ వాడాలి. విండోస్ నుంచి వచ్చిన ఫైల్‌లో లైన్ చివర క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని అక్షరం ఉంటుంది కాబట్టి, లైన్ ముగింపును సూచించే $ పెట్టిన ప్యాటర్న్ కలవదు. గ్రెప్ లాంటిదే ఇంకో టూల్ రిప్‌గ్రెప్ అయితే హిడెన్ ఫైళ్లనీ, గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉన్నవాటినీ మామూలుగా వదిలేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఇంకొకటి: అంకెల కోసం బ్యాక్‌స్లాష్ డి, ప్లస్ రాయడం. రెగెక్స్ (ప్యాటర్న్‌లు రాసే గుర్తుల పద్ధతి) టెస్టర్‌లో పనిచేసింది, ఇక్కడ రావట్లేదేమని టెన్షన్ పడతారు. తప్పు మీది కాదు, రెండూ వేర్వేరు రెగెక్స్ రకాలు. లినక్స్‌లో సాధారణంగా ఉండే జీఎన్‌యూ గ్రెప్‌లో ఆ డి పనిచేయాలంటే పెద్ద పీ ఆప్షన్ ఇవ్వాలి, మ్యాక్‌తో వచ్చే గ్రెప్‌లో ఆ ఆప్షన్ లేదు. [0-9] అని రాసి, ప్లస్ కోసం పెద్ద ఈ ఇస్తే రెండుచోట్లా నడుస్తుంది.

మరి నమ్మేదెలా? ఆ ఫైల్‌లో కచ్చితంగా ఉందని కళ్లతో చూసిన మాటను అదే కమాండ్‌తో వెతకండి. అదీ రాకపోతే లోపం వెతకడంలోనే ఉంది. ఎర్రర్ మెసేజ్‌లను డెవ్ నల్‌కి (ఏది పంపినా మాయమయ్యే చోటు) పంపేసే అలవాటు ఉంటే మానుకోండి, చదివే పర్మిషన్ లేని ఫైళ్ల సంగతి కూడా వాటితోనే పోతుంది. వెంటనే $? (కమాండ్ ఎలా ముగిసిందో చెప్పే అంకె) చూడండి. 0 అయితే దొరికింది, 1 అయితే దొరకలేదు, 2 అయితే ఏదో ఎర్రర్. యూటీఎఫ్-16 ఫైల్‌కీ 1 వస్తుంది కాబట్టి, తెలిసిన మాటతో పరీక్ష తప్పదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గ్రెప్ లైన్ మొత్తమే ఇస్తుందనుకుని, కావలసిన ముక్క కోసం కట్, ఆక్ అనే కమాండ్లంటూ నాలుగు పైపులు (ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి పంపడం) కట్టేవాళ్లున్నారు. మైనస్ ఓ ఇస్తే కలిసిన ముక్క మాత్రమే వస్తుంది. మైనస్ సీ లెక్కపెట్టేది లైన్లను, మాటలను కాదు. ఫైల్ మొత్తం ఒకే లైన్ అయితే అందులో వెయ్యి ఎర్రర్లున్నా 1 అనే చెబుతుంది. మైనస్ ఓతో తీసి, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్‌కి పంపండి. 1.5 అని వెతికితే 125 కూడా వస్తుంది, చుక్క అంటే ఏ అక్షరమైనా అని అర్థం. ఉన్నది ఉన్నట్టు వెతకాలంటే పెద్ద ఎఫ్. ప్యాటర్న్‌ని ఎప్పుడూ సింగిల్ కోట్స్‌లో పెట్టండి.

చివరగా, కొత్తగా చేరినవాళ్ల భయం. లైవ్ సర్వర్‌లో గ్రెప్ కొడితే ఫైల్ పాడవుతుందేమోనని చేతులు వణికేవాళ్లున్నారు. పాడవదు, గ్రెప్ చదువుతుందంతే. ప్రమాదం ఒక్కచోటే ఉంది: ఫలితాన్ని > గుర్తుతో అదే ఫైల్‌లోకి పంపితే, గ్రెప్ మొదలయ్యే లోపే షెల్ ఆ ఫైల్‌ని ఖాళీ చేసేస్తుంది. ఫలితానికి వేరే ఫైల్ పేరు ఇవ్వండి.