గాలి పడిపోతే ఎన్ని యూనిట్లు?

వానాకాలంలో హుస్సేన్‌సాగర్‌లో మాన్‌సూన్ రెగట్టా పోటీలు జరిగేటప్పుడు ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూడాలి. చిన్న చిన్న తెరచాప పడవల్లో పిల్లలు ఒరిగిపోతూ దూసుకెళ్తుంటారు. ఉన్నట్టుండి గాలి పడిపోతుంది. అప్పటిదాకా ఉబ్బి ఉన్న తెరచాపలు ఆరేసిన దుప్పట్లలా వేలాడతాయి. ఆ పడవలకు ఇంజిన్ ఉండదు కాబట్టి రెస్క్యూ బోట్ వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాక్కొస్తుంది.

సముద్రంలో అలా తాడు కట్టేవాళ్లు ఉండరు. అందుకే ముప్పై అడుగుల తెరచాప పడవకు కూడా లోపల ఓ డీజిల్ ఇంజిన్ బిగిస్తారు. దానికి పని తక్కువ. రేవు దాటించాలి, తిరిగి రేవులోకి తేవాలి, గాలి లేనప్పుడు కాస్త నెట్టాలి. మిగతాదంతా గాలే చూసుకుంటుంది. నౌకాదళానికి చెందిన 56 అడుగుల తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి, 2018 మేలో తిరిగొచ్చింది తెరచాపల బలంతోనే. అందులోని ఆరుగురు మహిళా అధికారుల్లో మన హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ నుంచి స్వాతి ఉన్నారు.

ఈ తక్కువ పనే డీజిల్ ఇంజిన్‌కు పడదు. పది నిమిషాలు తిప్పి ఆపేస్తే అది సరిగ్గా వేడెక్కదు. మసి పేరుకుంటుంది. తక్కువ లోడు మీద ఏళ్ల తరబడి నడిస్తే సిలిండర్ గోడలు నున్నబడిపోయి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. దానికి తోడు ఉప్పునీటి తుప్పు, గదంతా డీజిల్ వాసన. అందుకే ఇంజిన్ పాడైన రోజున, కొత్త డీజిల్ కొనే బదులు కరెంటు మోటారు పెడితే ఎలా ఉంటుందని చాలామంది పడవ యజమానులు ఆలోచిస్తున్నారు. వాళ్ల ఆలోచన సరైనదేనని నా నమ్మకం. లెక్క మాత్రం ఒప్పుకుని దిగాలి.

లెక్కను మనకు తెలిసిన యూనిట్లలోనే వేద్దాం. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో ఏడు యూనిట్లు వేడిగా వదిలేసి, మూడు యూనిట్లు ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు, అంటే షాఫ్ట్‌కు ఇస్తుంది. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ బ్యాటరీని తీసుకోండి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. బరువు యాభై, అరవై కిలోలు. ఒక్క లీటరు డీజిల్ చేసే పనికి ఇలాంటివి మూడు కూడా చాలవు. లీటరు డీజిల్ బరువేమో కిలో కూడా లేదు! లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ముప్పై, ముప్పై అయిదు కిలోలతో సరిపోతుంది. అయినా తేడా తేడానే.

ఇక్కడే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. కానీ నీటికి ఓ స్వభావం ఉంది. పడవ మెల్లగా వెళ్తున్నప్పుడు అరచేతిని నీళ్లలో నిలువుగా పెట్టి చూడండి, హాయిగా ఉంటుంది. వేగం రెట్టింపైతే నీటి ఒత్తిడి నాలుగింతలై మణికట్టు వెనక్కి మళ్లిపోతుంది. ఆ నాలుగింతల ఒత్తిడిని రెట్టింపు వేగంతో నెట్టాలి కాబట్టి మోటారు ఎనిమిదింతల శక్తి ఇవ్వాలి. వేగం ఇంకా పెరిగితే పడవ తాను లేపిన అలను తానే ఎక్కాల్సి వస్తుంది, అప్పుడు ఈ లెక్క కూడా చాలదు. నీటిని తాకే పొడవు 26 అడుగులున్న పడవకు ఆ హద్దు సుమారు 6.8 నాట్లు, అంటే గంటకు పన్నెండున్నర కిలోమీటర్లు.

అలాంటి నాలుగైదు టన్నుల పడవ ప్రశాంతమైన నీటిలో 5 నాట్ల వేగంతో వెళ్లడానికి సుమారు 3 కిలోవాట్లు కావాలనుకుందాం. బ్యాటరీలో వాడుకోదగ్గవి 8 యూనిట్లు. గంటకు 9 కిలోమీటర్లకు పైగా పరిగెత్తి రెండున్నర గంటల్లో ఖాళీ, మొత్తం 25 కిలోమీటర్లు. వేగాన్ని 4 నాట్లకు తగ్గిస్తే ఒకటిన్నర కిలోవాట్లు చాలు, దాదాపు 39 కిలోమీటర్లు వెళ్లొచ్చు. 3 నాట్లంటే మనిషి చురుగ్గా నడిచే వేగం. దానికి 650 వాట్లు చాలు, అదే బ్యాటరీతో 68 కిలోమీటర్లు! 650 వాట్లంటే మన వంటింటి మిక్సీ పవర్ అంతే. నాలుగు టన్నుల పడవను మిక్సీ పవర్ నడిపిస్తుందంటే మొదటిసారి నేనూ నమ్మలేక లెక్క మళ్లీ వేసుకున్నాను. ఎదురుగాలి, అలలు ఉంటే ఇవన్నీ తగ్గుతాయి, అది మరిచిపోకూడదు.

మార్చే పని చూస్తే, ఇంజిన్, డీజిల్ ట్యాంకు, పొగ గొట్టం బయటికొస్తాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మామూలుగా అలాగే ఉంచొచ్చు. మోటారును దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా వరసలో బిగించాలి. మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే పూర్తి బలంతో తిప్పగలదు కాబట్టి పెద్ద ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పొచ్చు, అదే నీటిని బాగా నెట్టే పద్ధతి. బరువైన బ్యాటరీలను అడుగున, మధ్యలో పెట్టి, పడవ ఎంత ఒరిగినా కదలకుండా కట్టెయ్యాలి. ఇంజిన్‌తో పాటు దాని మీద తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కూడా పోతుంది గనక లైట్లకు, రేడియోకు 12 వోల్టుల ఏర్పాటు వేరే ఉండాలి.

అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సింది తీగల దగ్గర. ఓ ఎండాకాలం రాత్రి మా ఇంట్లో కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చూస్తే ఇన్వర్టర్ బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద నట్టు వదులైంది. తీగ చివరి లోహపు కొన (లగ్) పక్కన ఎర్ర తొడుగు గోధుమ రంగుకు తిరిగి మైనంలా మెత్తబడింది. తీగలో పోయేది యాభై ఆంపియర్లు కూడా ఉండదు. పడవలో 6 కిలోవాట్ల మోటారును 12 వోల్టులతో నడిపితే 500 ఆంపియర్లు కావాలి! అదే 48 వోల్టులైతే 125 చాలు. కరెంటు నాలుగో వంతైతే అదే తీగలో పుట్టే వేడి పదహారో వంతుకు పడిపోతుంది. చాలా పడవల్లో 48 వోల్టులు కనిపించడానికి ఇదో కారణం, షాక్ ప్రమాదం తక్కువ కావడం మరో కారణం. అయినా షార్ట్ అయితే లిథియం బ్యాటరీ వేల ఆంపియర్లు కక్కుతుంది, కాబట్టి దాన్ని తెంచగల ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే ఉండాలి. స్పానర్ పిడికి టేపు చుట్టుకోవడం నేను ఆ రాత్రి నుంచే మొదలుపెట్టాను.

ఛార్జింగ్‌కు రేవులో ప్లగ్గు ఉంటుంది. లంగరు వేసినప్పుడు సోలార్ ఉంది. మన డాబా మీద ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, పడవ మీద పట్టే 400 వాట్లు యూనిట్నర ఇస్తే గొప్ప. గాలికి పడవ జోరుగా సాగుతున్నప్పుడు ప్రొపెల్లర్ తిరిగి మోటారు జనరేటర్‌గా మారుతుంది కూడా. 6, 7 నాట్ల దగ్గర కొన్ని వందల వాట్లు వస్తాయి. మెల్లగా వెళ్తుంటే దాదాపు ఏమీ రాదు, వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతే కాబట్టి ఎనిమిదింతల లెక్క ఇక్కడ మనకే ఎదురు తిరుగుతుంది.

గాలి లేని సముద్రంలో రోజుల తరబడి మోటారు మీదే వెళ్లాల్సిన వాళ్లకు ఇది సరిపోదు. నలభై లీటర్ల ట్యాంకు ఇచ్చే 120 యూనిట్లను బ్యాటరీలో మోయాలంటే టన్నుకు పైగా బరువు. తెలిసిన దారిలో మెల్లగా తిరిగే పడవలకు మాత్రం చక్కగా కుదురుతుంది. కేరళలో వైక్కం దగ్గర 75 మంది పట్టే సోలార్ ఫెర్రీ ఆదిత్య 2017 జనవరి నుంచి అదే చేసి చూపిస్తోంది. లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి విగ్రహం దాకా వెళ్లే లాంచీల ప్రయాణమూ అలాంటిదే. చిన్న దూరం, తొందర లేదు, మళ్లీ అదే జెట్టీకి రావాలి. వాటిని తప్పక మార్చాలి. పోటీల్లో పిల్లల వెంట తిరిగే రెస్క్యూ బోట్‌ను మాత్రం పెట్రోలు మీదే ఉండనివ్వాలి. దానికి కావాల్సింది రోజంతా తిరిగినా తగ్గని వేగం. నీళ్లలో పడ్డ పిల్లాడి దగ్గరికి మూడు నాట్లతో వెళ్లలేం.