కుందేలు తీర్పు చెప్పిన చట్టగ్రంథం: అపోహలు – వాస్తవాలు

ఏడాదికి రెండు మూడుసార్లయినా నా ఫోనుకు ఒకే బొమ్మ వస్తుంది. రెండు కాళ్ల మీద నిలబడ్డ కుందేలు కత్తి ఎత్తి మనిషి తల నరుకుతూ ఉంటుంది. "ఇది మీ పుస్తకాల్లోదేనా?" అని కింద ఒక ప్రశ్న. మా పుస్తకాల్లోదే. మధ్యయుగాల ఐరోపాలో శ్రీసభ, అంటే కతోలిక చర్చి, తన వ్యవహారాలన్నీ నడుపుకున్న చట్టాన్ని కానన్ లా అంటారు. ఆ చట్టగ్రంథాల చేతిరాత ప్రతులను పరిశీలించి, ఏ పేజీలో ఏముందో సూచీ రాయడం నా వృత్తి. బొమ్మ పంపినవారిలో పేజీ మొత్తం చూసినవారు నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు. బొమ్మను కత్తిరించి, పైనున్న చట్టాన్ని వదిలేసి చూడటం వల్లే ఈ గ్రంథాల గురించి సగం అపోహలు పుట్టాయి. కాబట్టి కుందేలుతోనే మొదలుపెడతాను.

అపోహ: విసుగెత్తిన రాతగాడు ఎవరూ చూడకుండా ఆ కుందేళ్లను గీశాడు.

ఆ ప్రతి పేరు స్మిత్‌ఫీల్డ్ డిక్రీటల్స్. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తొమ్మిదో గ్రెగరీ పోపు ఆదేశంతో పెన్యఫోర్ట్ రేమండ్ అనే పండితుడు కూర్చగా 1234లో వెలువడిన పోపుల ధర్మనిర్ణయాల (డిక్రీటల్స్) సంకలనం అందులోని మూలం. దాని చుట్టూ పార్మా బెర్నార్డ్ రాసిన వ్యాఖ్య. ఈ రాత అంతా దక్షిణ ఫ్రాన్స్‌లో, బహుశా తులూజ్‌లో, 1300 ప్రాంతంలో జరిగింది. బొమ్మలు మాత్రం పుస్తకం లండన్ చేరాక, 1340 ప్రాంతంలో అక్కడి చిత్రకారులు వేశారు. రాతగాడికీ కుందేలుకూ మధ్య నలభై ఏళ్లు, ఒక సముద్రం అడ్డం ఉన్నాయి.

ఇక దొంగచాటు సంగతి. పేజీల అడుగున ఇలాంటి దృశ్యాలు ఆరు వందలకు పైగా ఉన్నాయి, రంగులతో, బంగారంతో. డబ్బు ఇచ్చి వేయించుకున్నవాడికి తెలియకుండా ఆరు వందల బొమ్మలు వేయడం ఎవరి తరం?

కథ కూడా ఒక్క బొమ్మతో అయిపోదు, పేజీ తర్వాత పేజీగా సాగుతుంది. కుందేళ్లు వేటగాడిని బాణంతో కొట్టి పడేస్తాయి. చేతులు కట్టి న్యాయపీఠం ముందుకు తీసుకెళ్తాయి. పీఠం మీద కూర్చున్నదీ కుందేలే. తర్వాత శిరచ్ఛేదం. ఆపైన వేటకుక్క వంతు: దానికీ పట్టివేత, విచారణ, బండిలో ఊరేగింపు, ఉరి. ఫోనులో తిరిగే బొమ్మలో పగ మాత్రమే కనిపిస్తుంది. వరుసగా చూస్తే కుందేళ్లు ఒక్క అంచె కూడా దాటవేయకుండా న్యాయ ప్రక్రియను నడిపించడం కనిపిస్తుంది. ఇది న్యాయం చదువుకున్నవాళ్లను నవ్వించడానికి వేసిన హాస్యమని నా అభిప్రాయం. లోకం తలకిందులైందనే ముచ్చట కూడా అందులో ఉంది. చర్చిని తిట్టడానికే ఇవన్నీ వేశారని వాదించేవారికి అదే గ్రంథంలో బిషప్పు టోపీ పెట్టుకుని పక్షులకు ప్రవచనం చెప్పే నక్క దొరుకుతుంది, నిజమే. కానీ కొన్ని పేజీల అవతల మరియమాత మహిమలు, వీరుల కథలు కూడా అంతే శ్రద్ధతో వేసి ఉన్నాయి. నక్కను మాత్రమే ఏరుకుంటే ఎలా?

అపోహ: ఇవన్నీ మఠాల్లో సన్యాసులు భక్తితో చేసినవి.

12వ శతాబ్దపు ప్రతుల విషయంలో ఇందులో కొంత నిజముంది. ఆ తర్వాత కాదు. 13, 14 శతాబ్దాల్లో కానన్ లా పుస్తకం అంటే బొలోన్యా, పారిస్, తులూజ్ లాంటి విశ్వవిద్యాలయ నగరాల బజారు సరుకు. పుస్తక వ్యాపారి దగ్గర సరిచూసిన మాతృక ఒకటి కుట్టకుండా విడి భాగాలుగా ఉండేది. ఒక్కో భాగాన్ని పెచియా అనేవారు. అద్దె కట్టి ఒక భాగం తీసుకెళ్లి, నకలు రాసుకుని, తిరిగిచ్చి, తర్వాతిది తెచ్చుకోవాలి. దానివల్ల ఒకే గ్రంథాన్ని ఒకే సమయంలో పదిమంది రాసుకోగలిగేవారు. చర్మపత్రం తయారుచేసేవాడు ఒకడు, రాసేవాడు ఇంకొకడు, ఎర్ర సిరా శీర్షికలు పెట్టేవాడు వేరొకడు, బొమ్మలు వేసేవాడు, కుట్టేవాడు మళ్లీ వేరు. బొలోన్యాలో 14వ శతాబ్దపు చిత్రకారుడు నికోలో తన పనికి "బొలోన్యా నికోలోనైన నేను చేశాను" అని లాటిన్‌లో సంతకం పెట్టేవాడు. బొమ్మకు పేరు, పేరుకు గిరాకీ. ఇందులో సన్యాసం ఎక్కడుంది?

అపోహ: చట్టానికి బొమ్మలెందుకు? డబ్బున్నవాళ్ల ఆడంబరం, అంతే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ చికాకు పెట్టే మాట ఇది. బొమ్మలెందుకో తెలియాలంటే ముందు గ్రేషియన్ అనే పండితుడి కానన్ లా సంకలనం ఎలా ఉంటుందో చూడాలి. 1140 ప్రాంతంలో బొలోన్యాలో తయారైన ఆ గ్రంథానికి అసలు పేరును తెలుగులో "పొసగని నియమాల పొసగింపు" అనవచ్చు. వందల ఏళ్లుగా పోగుపడి ఒకదానితో ఒకటి పేచీ పడుతున్న నియమాలను దగ్గరికి చేర్చి, ఏది ఎప్పుడు చెల్లుతుందో తేల్చే ప్రయత్నం అది. అందులో రెండో భాగం 36 వ్యాజ్యాలుగా ఉంటుంది. ప్రతి వ్యాజ్యం ఒక కల్పిత కథతో మొదలై, ఆ కథలోంచి ప్రశ్నలు పుట్టి, ప్రశ్నల కింద నియమాలు చేరతాయి.

మొదటి వ్యాజ్యం చూడండి. ఒక తండ్రి తన కొడుకును సంపన్న మఠంలో చేర్చాలనుకుంటాడు. మఠాధిపతీ సన్యాసులూ పది పౌండ్లు అడుగుతారు. తండ్రి కడతాడు. పిల్లవాడికి ఆ వయసులో ఏమీ తెలియదు. పెద్దయ్యాక అతను పురోహితుడై, చివరికి బిషప్పు అవుతాడు. ఆ పదవి వెనకా తండ్రి డబ్బు ఉంది. తర్వాత అభియోగం వస్తుంది. పవిత్ర పదవిని కొనడం నేరం, సరే. తనకు తెలియకుండా తన పేరున జరిగిన కొనుగోలుకు కొడుకు బాధ్యుడా?

ఈ వ్యాజ్యం తలభాగాన వేసే చిత్రంలో సాధారణంగా మఠం ముందు అధిపతి, ఎదురుగా తండ్రి, వాళ్ల మధ్య పిల్లవాడు, చేతులు మారుతున్న డబ్బు సంచి ఉంటాయి. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. సంచి పెద్దల చేతుల ఎత్తులో ఉంటుంది, పిల్లవాడి తల ఇంకా కిందే. ప్రశ్న మొత్తం ఆ బొమ్మలో ఉంది. ఒకసారి చూసిన విద్యార్థి మరచిపోడు. పుటసంఖ్యలు వేయడం అరుదైన ఆ కాలంలో, వందల పుటల గ్రంథంలో కావలసిన వ్యాజ్యం దగ్గర పుస్తకం తెరవడానికీ అదే గుర్తు.

29వ వ్యాజ్యం సినిమా కథలా ఉంటుంది. గొప్పింటి అమ్మాయికి మరో గొప్పింటి అబ్బాయి నుంచి సంబంధం వస్తుంది. ఆమె ఒప్పుకుంటుంది. ఈలోగా ఒక దాసుడు అతని పేరు చెప్పుకుని వచ్చి పెళ్లి చేసుకుంటాడు. అసలు పెళ్లికొడుకు తర్వాత దిగుతాడు. మనిషి విషయంలో మోసపోయి చేసుకున్న పెళ్లి చెల్లుతుందా? చిత్రంలో ఒక స్త్రీ, ఇద్దరు పురుషులు, పీఠం మీద బిషప్పు కనిపిస్తే చాలామంది ప్రేమకథ అనుకుంటారు. కింద ఉన్న నాలుగు పంక్తులు చదివితే ఆ తగవు ఏమిటో తెలుస్తుంది.

గ్రెగరీ సంకలనానికి వేరే పద్ధతి. దాని అయిదు భాగాలను గుర్తుపెట్టుకోవడానికి విద్యార్థులు ఒక లాటిన్ పద్యపాదం వల్లించేవారు: యూదెక్స్, యూదిచియుమ్, క్లేరుస్, కొన్నూబియా, క్రీమెన్. న్యాయమూర్తి, విచారణ, మతాధికారులు, వివాహం, నేరం. భాగానికి ఒక బొమ్మ చొప్పున అయిదు బొమ్మలు. వివాహ భాగం తలలో పెళ్లి బొమ్మ ఎందుకుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

పేజీలో మూలం నడిమధ్యన, చిన్న అక్షరాల వ్యాఖ్య నాలుగు వైపులా ఉంటుంది. మల్లినాథసూరి వ్యాఖ్య లేకుండా కాళిదాసు జోలికి పోనివారికి ఈ ఏర్పాటు గురించి నేను ఏమీ వివరించనక్కర్లేదు.

అపోహ: గడ్డపు మనిషి పట్టుకున్న ఆ చెట్టు ఏదో రాజుగారి వంశవృక్షం.

ఈ చట్టగ్రంథాల్లో కనిపించే ఆ చిత్రంలో నిలబడ్డ పురుషుడు, కొన్నిసార్లు కిరీటంతో, ఒంటి ముందు చెట్టులా కనిపించే గడుల పటం పట్టుకుని ఉంటాడు. ప్రతి గడిలో బంధుత్వం పేరు ఉంటుంది: తాత, ముత్తాత, మేనత్త, మనవడు. మనుషుల పేర్లు ఉండవు. మధ్య గడిలో మీరు నిలబడాలి. పైకి పూర్వికులు, కిందికి సంతానం, పక్కలకు తోబుట్టువుల శాఖలు. పెళ్లి చేసుకోబోయే ఇద్దరి మధ్య ఎన్ని తరాల దూరముందో లెక్కపెట్టే పనిముట్టు ఇది. దీని పక్కనే స్త్రీపురుషుల జంటతో మరో పటం ఉంటుంది. అది పెళ్లి ద్వారా కలిసిన చుట్టరికాలకు.

ఏడో తరం దాకా ఉన్న పెళ్లి నిషేధాన్ని 1215లో శ్రీసభ పెద్దల నాలుగో లాటరన్ మహాసభ నాలుగో తరానికి కుదించింది. నాలుగే ఎందుకంటే, శరీరంలో నాలుగు ధాతురసాలున్నాయి, అవి నాలుగు భూతాలతో ఏర్పడ్డాయి అని ఆ సభ తన శాసనంలోనే కారణం రాసింది. వైద్యం వచ్చి వివాహ చట్టంలో సాక్ష్యం చెప్పిందన్నమాట.

ఈ పటాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను చేసిన పని ఏ తెలుగువాడైనా చేసేదే: మేనమామ కూతురి గడి వెతికాను. రెండో తరం, నిషిద్ధం. అక్క కూతురు మరీ దగ్గర. మన లెక్కలో మేనరికం వరస, సగోత్రం ఎంత దూరమైనా కుదరదు. ఈ పటంలో తల్లివైపుకూ తండ్రివైపుకూ గడులు వేరు, లెక్క మాత్రం ఒక్కటే. ఇది పాతకాలపు ముచ్చట అనుకోకండి. 1983 నాటి కానన్ లా స్మృతి ప్రకారం ఈనాటికీ కతోలిక కుటుంబంలో మేనరికం కలుపుకోవాలంటే బిషప్పు మినహాయింపు కావాలి.

అపోహ: మినియేచర్ అంటే చిన్న బొమ్మ.

"సూక్ష్మచిత్రం" అని తెలుగు చేసి మనమూ ఈ పొరపాటుకు ముద్ర వేశాం. ఆ మాట వచ్చింది మినియం నుంచి. మినియం అంటే సీసంతో చేసే ఎర్రరంగు, మన సింధూరం. పుటలో సగం నిండిన బొమ్మ కూడా మినియేచరే.

అపోహ: బంగారు రంగు పూశారు.

పూసిన బంగారమూ ఉంది, కానీ అద్దంలా మెరిసేది రేకు. సుద్ద, జిగురు కలిపి, కొంచెం ఎర్రమట్టి చేర్చి, బంగారం రావలసిన చోట ఉబ్బెత్తుగా పూసి ఆరనిస్తారు. దాని మీద నోటి ఆవిరి ఊదితే జిగురు కాస్త తడి ఎక్కుతుంది. ఆ క్షణంలో రేకు వేసి, తర్వాత కుక్క కోరతోనో నున్నటి రాయితోనో మెరుగు పెడతారు. రంగుల కంటే ముందే ఇది అయిపోవాలి, లేకపోతే రేకు రంగులకు అంటుకుని పాడవుతుంది. భూతద్దం కింద బంగారం రాలిన చోట లేత గులాబీ రంగు నేల బయటపడుతుంది. నాకు మెరిసే భాగం కంటే ఆ రాలిన చోటే ఎక్కువ సంగతులు చెబుతుంది. కొన్ని ప్రతుల్లో అంచున చిత్రకారుడికి రాసిన సూచన కూడా మిగిలి ఉంటుంది, సీసపు పుల్లతో గీకిన రెండు మాటలు: ఇక్కడ ఫలానా బొమ్మ వేయమని. చాలావాటిని చెరిపేశారు, లేదా అంచులు కత్తిరించినప్పుడు పోయాయి.

అపోహ: అచ్చు రాగానే ఇదంతా ఆగిపోయింది.

మైంజ్ నగరంలో ఫుస్ట్, షోఫర్ 1465లోనే ఎనిమిదో బోనిఫేస్ పోపు సంకలనాన్ని అచ్చువేశారు. 1472లో షోఫర్ గ్రేషియన్‌ను వేశాడు. మూలం చుట్టూ వ్యాఖ్య ఉండే ఏర్పాటు అచ్చులోనూ అలాగే ఉంది. తొలి అచ్చు ప్రతుల్లో పెద్ద అక్షరాలకు చోటు ఖాళీగా వదిలేవారు. కొన్నవాడు చిత్రకారుడి దగ్గరికి తీసుకెళ్లి నింపించుకునేవాడు. డబ్బు చాలని ప్రతుల్లో ఆ ఖాళీలు అలాగే ఉండిపోయాయి.

అపోహ: వీటిని తెల్ల చేతితొడుగులతోనే ముట్టుకోవాలి.

టీవీలో చూసి అడుగుతారు. గుడ్డ తొడుగు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, చర్మపత్రం అంచు చిరుగుతుంది, లేచిన రంగు పెచ్చు దారానికి చిక్కుకుంటుంది. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరబెట్టుకుని, పుటను పై మూల దగ్గర పట్టుకుని తిప్పాలి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు. పెన్ను బయట వదిలి, పెన్సిలు తెచ్చుకోండి.