డీజిల్ కారు మొరాయిస్తే ఇంజెక్టర్ని చివర్లో అనుమానించండి

డీజిల్ కారు పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కాకపోయినా, పికప్ తగ్గినా, మిస్సింగ్ కొడుతున్నా అందరి అనుమానమూ ముందు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికే పోతుంది. ఖరీదైన భాగం కాబట్టి టెన్షన్ కూడా అక్కడే మొదలవుతుంది. కానీ ట్యాంకులో బయల్దేరిన డీజిల్‌కి ఇంజెక్టర్ ఆఖరి మజిలీ. లోపం దారిలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే వెతుకులాట ట్యాంకు వైపు నుంచి మొదలవ్వాలి.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని 15 నుంచి 20 రెట్లు కుదించేసరికి అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. తుంపర ఎంత సన్నగా ఉండాలంటే ఒత్తిడి అంత ఎక్కువ కావాలి. 1997లో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో హైప్రెషర్ పంపు డీజిల్‌ని రైల్ అనే మందపాటి గొట్టంలోకి నెట్టి ఉంచుతుంది. ఐడిల్‌లోనే అక్కడ సుమారు 300 బార్ల ఒత్తిడి ఉంటుంది, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే 1,600 దాటడం మామూలే. టైర్లో ఉండేది రెండు బార్ల చిల్లర.

ఈ అంకెల్ని మనసులో పెట్టుకునే చెయ్యి వేయాలి. పాత ఇంజిన్లలో, బండి నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పనిచేయట్లేదో పట్టుకునేవారు. కామన్ రైల్ బండి మీద ఆ పని ఎవరు చెప్పినా చేయొద్దు. ఆ ధార సూదిలా చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల కండ చచ్చుబడుతుంది, వెంటనే ఆపరేషన్ అవసరం పడొచ్చు. లీకు కోసం చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇంజిన్ ఆపాక కూడా ఒత్తిడి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగండి.

మొదట ఫిల్టర్. మూసుకుపోయిందా, అడుగున నీళ్లు చేరాయా చూడాలి. పంపుకి డీజిలే లూబ్రికేషన్ కాబట్టి నీళ్లు చేరితే లోపలి లోహం అరిగిపోతుంది. తర్వాత గాలి. ట్యాంకులో పంపు లేకుండా డీజిల్‌ని పీల్చుకునే బండ్లలో, పైపుకి చిన్న పగులున్నా బయట చుక్క కూడా కారదు, లోపలికి మాత్రం గాలి పోతుంది. రాత్రంతా డీజిల్ వెనక్కి జారి, పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా బండి పలకదు. ఫిల్టర్ తర్వాత ఓ పారదర్శకమైన పైపు ముక్క కలిపి చూస్తే బుడగలు కళ్లెదుటే కనిపిస్తాయి.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ఉంటే, కోడ్‌తో సరిపెట్టుకోవద్దు. పీ0087 వచ్చిందంటే రైల్‌లో ఒత్తిడి తక్కువని అర్థం, అంతే. కారణం ఫిల్టర్ కావచ్చు, పంపు కావచ్చు, ప్రెషర్ వాల్వు కావచ్చు. సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చూడండి. ఒత్తిడి సుమారు 200 బార్లకి చేరేదాకా చాలా ఇంజిన్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు.

ఇక్కడిదాకా అంతా బాగుంటే అప్పుడు ఇంజెక్టర్లు. నా దృష్టిలో ఇంట్లో చేయగలిగిన పరీక్షల్లో రిటర్న్ పరీక్షను మించింది లేదు. ఇంజెక్టర్ రంధ్రాల్ని మూసి ఉంచే సూది పైన చిన్న గది ఉంటుంది. అందులోని డీజిల్ ఒత్తిడే సూదిని కిందికి అదిమి ఉంచుతుంది. కరెంటు అందగానే బుల్లి వాల్వు తెరుచుకుని, ఆ గదిలోంచి కాస్త డీజిల్ వెనక్కి తీసుకెళ్లే రిటర్న్ పైపులోకి పోతుంది, సూది లేస్తుంది. అంటే కొంత రిటర్న్ సహజం. వాల్వు అరిగితే డీజిల్ అదే పనిగా పోతూ రైల్‌లో ఒత్తిడి నిలవనివ్వదు. రిటర్న్ పైపులు తీసి, ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కో సన్నని గొట్టం తగిలించి, విడివిడిగా సీసాల్లో వదలండి. విడిపోయిన రిటర్న్ లైన్ మూతి బిగించి, ఇంజిన్‌ని కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. మూడు సీసాల్లో మట్టం దాదాపు ఒకేలా ఉండి, నాలుగోది గబగబా నిండుతుంటే ఆ ఇంజెక్టరే దోషి. కరెంటు తగిలితే సాగే స్ఫటికంతో పనిచేసే కొన్ని పీజో ఇంజెక్టర్లకి రిటర్న్ లైన్‌లోనూ ఒత్తిడి ఉండాలి, వాటి మీద ఈ పద్ధతి వాడకండి.

ఈ పరీక్ష తుంపర తీరు చెప్పదు. అది తేలాలంటే ఇంజెక్టర్ని విప్పి, దాన్ని పరీక్షించే యంత్రం, అంటే టెస్ట్ బెంచ్ మీద పెట్టాల్సిందే. ఇంజెక్టర్ మార్చాల్సి వస్తే కింద కొత్త రాగి వాషర్ వేయండి. చాలా బండ్లలో ఇంజెక్టర్ ఒంటి మీద ఉన్న కోడ్‌ని కంప్యూటర్‌లో ఎక్కించేదాకా ఆ సిలిండర్‌కి డీజిల్ కొలత సరిగ్గా కుదరదు.